నాన్న వెనక్కి వేసిన అడుగు

చిట్టితల్లికి,

అమ్మ దీవించి రాయునది. ఇక్కడ అందరమూ క్షేమమని మొదలుపెట్టాలి. నేనూ తమ్ముడూ క్షేమమే. నువ్వు వేళకి తింటున్నావని నమ్ముతున్నాను. నమ్మక చేసేదేముంది, అంత దూరం వచ్చి చూడగలనా!

తమ్ముడు గోళ్లు కొరకడం మానాడా అని అడిగావు. మానలేదు. ఉత్తరం చివర నాన్న గిలికే రెండు ముక్కలు ఏవని కూడా అడిగావు. పనిలో తీరిక లేదని కిందటిసారి రాశాను. అలా రాయమన్నది ఆయనే.

మీ నాన్న పరంజా మీంచి పడ్డాడు తల్లీ. మూడో అంతస్తు గోడకి సిమెంటు పూస్తున్నాడు. పైన ఉన్న మేస్త్రీ, "అన్నా, ఇక్కడ చెక్క చాల్లేదు, ఒకటి అందించు" అంటే తను నిలబడ్డ చోట వెనక పరిచి ఉన్నదే తీసి ఇచ్చాడట. ఉన్న చెక్కల్నే కిందా మీదా మార్చుకోవడం వాళ్లకి మామూలే. ఆయన చాదస్తం నీకు తెలుసుగా, ఇంట్లో మేకు కొట్టినా ఒకడుగు వెనక్కి వేసి చూసుకుంటే గాని తృప్తి ఉండదు. గోడ నున్నగా తేలగానే అలాగే వేశాడు. చెక్క ఇచ్చిందీ తనే, మరిచిందీ తనే. నడుముకి తాడైనా కట్టించలేదని కాంట్రాక్టరుని దులిపేశాను. "జాగ్రత్తగా ఉండాలమ్మా" అని నాకే బుద్ధి చెప్పి వెళ్లాడు.

ఇప్పుడు ఇంట్లోనే ఉన్నాడు. మనిషి హుషారే. "ఆ మూల పెచ్చు ఊడింది, లేవగానే పూస్తా" అంటాడు. తాపీ తుప్పు పడుతుందని నాచేత నూనె రాయించాడు.

అసలు సంగతి ఇంతవరకూ రాయలేకపోయాను. డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి చెప్పాడు. వెన్నెముక దెబ్బతింది, నడుము కింద స్పర్శ ఇక రాదు, ఆయన మళ్లీ నిలబడడు. ఆ మాట ఆయనకి చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. నువ్వైనా వచ్చి చెబుతావా? వద్దు, నీకు మాత్రం ఎలా వస్తుంది.

రోజూ పొద్దున్నే కాలి బొటనవేలు నొక్కమంటాడు. చూస్తుంటే తెలిసినట్టే ఉంటుందట, అందుకని కళ్లు గట్టిగా మూసుకుంటాడు. నేను నొక్కుతాను. "ఊహూ, రేపు చూద్దాం" అంటాడు.

ఇవాళ కళ్లు మూసుకునేసరికి నేనింకా కిటికీ దగ్గర దుప్పటి విదిలిస్తున్నాను. మంచం దగ్గరికి రానేలేదు. ఉన్నట్టుండి ఆయన మొహం వెలిగిపోయింది.

"తెలిసిందే! ఇవాళ గట్టిగా నొక్కావు కదూ?"

"అవును, గట్టిగానే నొక్కాను" అన్నాను. ఏం చెయ్యను తల్లీ.

ఇట్లు,
ఏమీ పాలుపోని మీ అమ్మ