గిన్నెల అడుగున ఒక పిలుపు

తైపే,
1994 మే 6

ప్రియమైన పిన్నికి,

ఈ ఉత్తరం లియావ్ మాస్టారు చేత చదివించుకుంటావని తెలుసు. ఆయనకు తెలిస్తే తెలియనీ.

వచ్చే నెల మా కళాశాలలో నా ప్రదర్శన. మట్టితో ఇరవై రెండు అన్నం గిన్నెలు చేశాను. చూడవచ్చినవాళ్ళు వాటిలో పోసిన గంజి తాగాక ప్రతి గిన్నె అడుగునా ఒకే మాట కనిపిస్తుంది: ‘పిన్ని’.

తమ్ముడు నిన్ను అమ్మా అంటాడు. నేను అనకూడదు. ఐదేళ్ళప్పుడు చేపల బజారు మెట్ల మీద పడి “అమ్మా!” అని ఏడిస్తే, పొలుసులంటిన చేత్తో నా నోరు మూశావు. ఈనాటికీ ఎవరినైనా ఆప్యాయంగా పిలవబోతే నాలుక మీద ఆ పొలుసులే. అడిగితే “జాతకం” అన్నావు. జాతకం పేరు చెప్పి దత్తత సంగతి దాచేవాళ్ళు మన వీధిలోనే లేరా? “నిన్ను వంతెన కింద ఏరుకొచ్చారే” అని బజారులో ఆడవాళ్ళు నవ్వేవారు, నువ్వూ నవ్వేదానివి. రిజిస్టరులో తల్లి పేరు నీదే ఉంది, చూశాను. కాగితం ఎవరైనా రాయించుకోవచ్చు.

మన ఇంట్లో బడికి వెళ్ళిన మొదటిదాన్ని నేనే. అక్కరలేని పిల్లను దూరంగా పంపడానికే చదివించావా? నిజం చెప్పు.

నీ
ఆ-చేన్

తైనాన్,
మే 15

ఆ-చేన్,

రాసేది మాస్టారు, మాటలు నావి. నీకు ముందు ఇద్దరు పుట్టారే. ఇద్దరూ అమ్మా అనడం నేర్చి, ఏడాది తిరక్కుండా పోయారు. నీకు పదహారు నిండేదాకా ఆ పిలుపు వద్దన్నాడు జాతకాలాయన. మీ తమ్ముడికి ఆ గండం లేదన్నాడు. అందుకే నీ నోరు మూశా. పోయినవాళ్ళ మాట ఎత్తితే నీకు కీడని చెప్పలేదు.

పదహారో ఏట గుడికి తీసుకెళ్ళి, “గండం గడిచింది, ఇక నీ నోటికి అడ్డులేదు” అన్నానా? నువ్వేమో “అవును పిన్నీ, మార్కులు బాగా వచ్చాయి” అన్నావు! నీ పరీక్ష ఫలితాలూ ఆ వారమే వచ్చాయి మరి. చదువుకున్న పిల్ల, చేపలు కోసేదాన్ని అమ్మా అనడానికి సిగ్గేమో అనుకున్నా. ఆరేళ్ళుగా ఆ అనుమానమే నాకు. అలా పిలవమని నోరు తెరిచి అడుక్కుంటారటే ఎవరైనా?

నీ గిన్నెలు చూడ్డానికి వస్తా. ఏం రాశావో చదవలేను, గంజి మాత్రం తాగుతా.

మాస్టారు “కింద ఏమని సంతకం పెట్టను?” అంటున్నాడు. ఖాళీగా వదిలెయ్యమన్నా. నువ్వే రాసుకో.

ఇట్లు,
నీ