ఒండ్రులో దిగబడ్డ బర్రె

తమ్మీ,

ఇవాళ నీ సంవత్సరీకం. పొద్దున్నే మన బర్రె గోదావరి ఒండ్రులో దిగబడింది. నిరుడు నువ్వు మోటారు పైపు జరపబోయి నడుముదాకా కూరుకుపోయిన చోటే.

ఊళ్లోవాళ్లు మోకు తెచ్చి, "అన్నా, ట్రాక్టర్ తియ్యి, గుంజుదాం" అన్నారు. నేను తాళంచెవి ఇవ్వలేదు.

చేపలు పట్టే ముసలాయన ఒకడు ఆగి చూశాడు. "గుంజకుండ్రి. గుంజినకొద్ది ఒండ్రు బిగుస్తది. కాలు జర ముందుకు, జర ఎనుకకు కదుపుండ్రి. మలిపినప్పుడల్లా అది జర వదులైతది" అన్నాడు.

గడ్డిమోపులు పరిచి, వాటి మీద బోర్లా పడుకుని, ఒక్కో కాలే పట్టుకుని ఆడించాం. ముందుకు నెట్టిన కాలిని వెనక్కి మలిపిన ప్రతిసారీ, రాయిలా ఉన్న బురద ఒక్క క్షణం మెత్తబడింది. మధ్యాహ్నానికి బర్రె ఒడ్డెక్కి నిలబడింది.

నిరుడు నీ చంకల కింద మోకు కట్టింది నేనే. ట్రాక్టర్ నడిపిందీ నేనే. "మెల్లగ, అన్నా" అన్నావు. నాకు తొందర. బండి ముందుకు దూకించాను. నువ్వు బయటికి వచ్చావు, ఊపిరి లేకుండా.

ఇందాక వాకిట్లో బర్రె కాళ్లు కడుగుతూ మనల కన్న అవ్వ అడిగింది, "ఒండ్రుల నుంచి ఎట్ల ఎల్లిందిరా?"

"దానంతటదే ఎల్లిందవ్వా" అన్నాను.

అన్న