ఇచ్చట ప్రూఫులు దిద్దబడును

1979 ఫిబ్రవరి 1, గురువారం. ఉదయం 6.10

శపథం! నేటి నుంచి నా కళ్లముందు ఒక్క తప్పు కూడా బతికి బట్టకట్టదు.

పోర్టు ఆఫీసులో పదకొండేళ్లుగా కాగితాలు ఇటునుంచి అటు పంపే గుమస్తాని. ఆ కాగితాలు ఎవరూ చదవరు. నేను చదువుతాను. చదివి కుమిలిపోతాను. ఇక కుమిలేది లేదు. ఆఫీసయ్యాక, సెలవుల్లో, స్వతంత్రంగా ప్రూఫులు దిద్దుతాను. కంచరపాలెంలో మా గది తలుపుకి అట్టముక్క కట్టేశాను:

"బి. సీతారామాంజనేయులు. ఇచ్చట ప్రూఫులు దిద్దబడును. భాష స్పష్టము చేయబడును. కచ్చితత్వమునకు పూచీ."

నియమాలు: ప్రతి అక్షరం చూడాలి. ప్రతి లెక్కా చేసి చూడాలి. ఎవరి మొహమాటానికీ తప్పు వదలకూడదు.

మా ఆవిడ వరహాలమ్మ అట్టముక్క వైపు చూసి, నా వైపు చూసి, "చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకున్నారండీ" అంది. అసూయ!

ఫిబ్రవరి 2. సాయంత్రం 5.40

గవర్రాజు ప్రెస్సుకి వెళ్లాను. విషయం చెప్పాను.

"తప్పులు దిద్దుతావేటి బావా? మా పెస్సులో సరుకంతా అదే గదా. రా, రా!" అన్నాడు. దగ్గుమందు కరపత్రం చేతిలో పెట్టాడు.

7.00. ప్రూఫు దిద్దడానికి ఇద్దరు కావాలి. ఒకరు రాతప్రతి పైకి చదవాలి. రెండోవారు అచ్చుప్రతి చూసుకోవాలి. కామాలు, ఫుల్‌స్టాపులు కూడా పలకాలి. ఇదే పద్ధతి. వరహాలుని కూర్చోబెట్టాను. ఆవిడ గొంతు సంగతి తెలిసిందే. పెళ్లికి ముందు కాకినాడ దగ్గర వాళ్ల పొలంలోంచి పిలిస్తే అవతలి గట్టు మీది గేదెలు కూడా తిరిగి చూసేవట.

"దగ్గు కామా ఆయాసం కామా కఫం పోవును ఫుల్‌స్టాపు!"

ఎనిమిది తప్పులు పట్టాను. ఎనిమిది!!

ఫిబ్రవరి 3. ఉదయం 7.00

అవతలి గదిలో ఉండే జగ్గయ్య, రైల్వేలో పాయింట్స్‌మన్‌గా రిటైరైనవాడు, కుళాయి దగ్గర పలకరించాడు. "బావా కామా టీ తాగినావేటి ప్రశ్నార్థకం." నా పేరు అప్పుడే పదిమంది నోళ్లలో పడిందన్నమాట.

ఫిబ్రవరి 4, ఆదివారం. ఉదయం 8.15

గవర్రాజు సీలు వేసిన కవరు పట్టుకుని వచ్చాడు. లోపల పరీక్ష పేపరు! శంఖచక్ర షిప్పింగ్ ఏజెన్సీ వారి ఆఫీసులో గుమస్తా ఉద్యోగం. ఉన్నది ఒక్కటే. వచ్చే ఆదివారం ఎవరైనా వచ్చి రాయవచ్చు. ఇరవై ప్రశ్నలు, ఒక్కోదానికి అయిదు మార్కులు. ప్రశ్నలు సరిచూసి జవాబుల పట్టీ కూడా నన్నే తయారుచేయమన్నారట.

"రగస్యం బావా. గాలికి కూడా తెలకూడదు" అన్నాడు గవర్రాజు.

8.30. ఏర్పాట్లు. కిటికీకి దుప్పటి. తలుపుకి గడియ. తలుపు కింద సందులో గోనెసంచి. బావమరిది దొరబాబుని బయటికి పంపేశాను. నాలుగు నెలలుగా మా ఇంట్లో పడుకుని ఉద్యోగం వెతుక్కుంటున్నాడు, ఈ పరీక్ష రాస్తాడు కూడా. నియమం నియమమే. పక్కగది అసిరమ్మ కూతురు నూకాలు కూడా రాస్తుంది గానీ, తల్లీకూతుళ్లిద్దరూ పొద్దున్నే జాలరిపేట వెళ్లారు. ఆదివారం కదా, చేపల గిరాకీ. ఇక భయం లేదు.

9.00 నుంచి 12.40 వరకు పని. వరహాలు చదవడం, నేను లెక్క చేసి జవాబు గట్టిగా చెప్పడం, ఆవిడ మళ్లీ గట్టిగా చెప్పి రాయడం.

పదిహేడో ప్రశ్న: ఓడలో సరుకు దింపడం సోమవారం ఉదయం షిఫ్టుతో మొదలై గురువారం ఉదయం షిఫ్టుతో ముగిసింది. రోజుకి మూడు షిఫ్టులు. మొత్తం ఎన్ని షిఫ్టులు పని జరిగింది?

సోమవారం నుంచి గురువారానికి మూడు రోజులు. మూడు మూళ్లు తొమ్మిది. "తొమ్మిది ఫుల్‌స్టాపు!" అంది వరహాలు.

మా వరుసగదుల వాళ్ల సంస్కారం గురించి రాయాలి. అన్ని గంటల్లో ఒక్క చప్పుడు లేదు. ఆదివారం పూట ఒక్క రేడియో మోగలేదు. తలుపు తీసేసరికి దొరబాబు జగ్గయ్య అరుగు మీద బుద్ధిగా ఏదో రాసుకుంటున్నాడు. అమ్మకి ఉత్తరమట.

ఫిబ్రవరి 11, ఆదివారం. ఉదయం 9.00

పరీక్ష. వరుసగదులన్నీ ఖాళీ! మనవాళ్లు పన్నెండుమంది వెళ్లారు. జగ్గయ్య కూడా బయల్దేరుతుంటే ఆపి అడిగాను.

"ఈ వయసులో ఉద్యోగం ఎందుకు జగ్గయ్యా?"

"ఉజ్జోగానికి గాదు బావా. వచ్చిన జవాబులు ఉత్తినే పోతాయని."

చదువు మీద ఎంత తృష్ణ!

ఫిబ్రవరి 14, బుధవారం. సాయంత్రం 5.30

ఫలితాలు. మా వరుసలో పదకొండుమందికి నూటికి నూరు!!! దొరబాబుకి నూరు!!! వాళ్లందరినీ శనివారం ఇంటర్వ్యూకి రమ్మన్నారు. వరహాలు బూరెలు వండింది. ప్రశ్న స్పష్టంగా ఉంటే జవాబు దానంతటదే వస్తుందని నేను చెప్పలేదూ?

నూకాలుకి మాత్రం తొంభై అయిదు. ఇంటర్వ్యూకి పిలుపు లేదు.

6.30. నూకాలు వచ్చింది. గుమ్మం బయటే నిలబడింది.

"బాబుగారూ, పదిహేడోది తొమ్మిదని కాయితం అంటించినారు. నాను పది రాసినాను. మీరు సదువుకున్నోరు గదా, ఒకసారి సెప్తారేటని."

మూడు మూళ్లు తొమ్మిదని ఓపిగ్గా వివరించాను. వింది. ఆలోచించింది.

"మరైతే గురువారం పొద్దుట షిఫ్టుల సంచులు ఎవులు మోసినట్టు?"

దెబ్బలాటకి కాదు, నిజంగానే అడిగింది. వాళ్ల నాన్న పోర్టులో కళాసీగా సంచులు మోసి మోసి నాలుగేళ్ల కిందట పోయాడు. ఈ పిల్లకి ఉద్యోగం వస్తే తల్లి నెత్తిమీంచి చేపలబుట్ట దిగుతుంది.

"అది కంపెనీవారి నిర్ణయమమ్మా" అని తలుపు వేసేశాను.

ఫిబ్రవరి 15. ఉదయం 5.00

వేళ్ల మీద లెక్కపెట్టాను. పది.

5.20. అగ్గిపుల్లలతో. పది.

5.45. ఒక పుల్ల విరగ్గొట్టాను. అయినా పది.

సమాధానాలు:
గురువారం సెలవేమో.
ఓడ తొందరగా ఖాళీ అయిపోయిందేమో.
తొంభై అయిదు మాత్రం తక్కువ మార్కులా?
పదకొండుమంది తొమ్మిదే రాశారు కదా! అంతమంది తప్పవుతారా?

సాయంత్రం 6.00. ఈ చివరిదే జగ్గయ్యతో అన్నాను. అతను నవ్వాడు.

"మీరు తొమ్మిదంటే మేం తొమ్మిది రాసినాం బావా. పది అంటే పది రాద్దుం. మాకేటి తెలుసు?"

"నేనెప్పుడన్నాను?"

జగ్గయ్య వేలెత్తి పైకి చూపించాడు. మా గదుల మధ్య గోడ పెంకుల దాకా లేదు. పైన మూరెడు ఖాళీ. ఏడేళ్లుగా ఆ ఖాళీలోంచే వాళ్ల చేపలపులుసు వాసన మా ఇంట్లోకి వస్తోంది. నేను తలుపు కింద గోనెసంచి కుక్కాను.

"అమ్మగోరు సదువుతుంటే ఇరవై గదులకీ ఇనబడింది. పిల్లలు ఏడిస్తే నోట్లో బెల్లం ముక్క ఎట్టినాం."

ఫిబ్రవరి 16. సాయంత్రం 7.00

కంపెనీకి ఉత్తరం రాస్తున్నాను.

మొదటి ప్రతి: "నేను తప్పు చేశాను."

మరీ బోడిగా ఉంది. దిద్దాను. "నావలన తప్పు జరిగినది."

ఇంకా స్పష్టం చేశాను. "తప్పు జరిగినట్లు తెలియుచున్నది."

నాలుగో ప్రతి: "ప్రశ్నలో గురువారం అనవసరము."

అయిదో ప్రతిలో తప్పే లేదు. అసలు ఉత్తరం ఎందుకు రాస్తున్నానో కూడా లేదు.

వరహాలు నా భుజం మీంచి చదివింది. "ఇది పంపితే మా తమ్ముడి ఉద్యోగం పోతుంది. వాడి నోటి దగ్గర కూడు లాగేస్తారా? ఒక్క షిఫ్టు కోసమా?"

ఉత్తరం చింపేశాను. ఆవిడ కోసం చింపానని రాద్దామనుకున్నాను. కాదు. కచ్చితత్వానికి పూచీ అని అట్ట కట్టినవాడు మూడు మూళ్ల దగ్గర బోల్తాపడ్డాడని ఊరంతా నవ్వుతుందని చింపాను. సిగ్గుగా ఉంది.

ఫిబ్రవరి 17, శనివారం. ఉదయం 10.30

ఆఫీసుకి సెలవు పెట్టి శంఖచక్ర మెట్లెక్కాను. బల్లల మీద పదకొండుమంది. దొరబాబు నా ఇస్త్రీ చొక్కాలో ఉన్నాడు. నన్ను చూసి చెయ్యూపాడు. వెనక్కి తిరిగి మెట్లు దిగాను. మళ్లీ ఎక్కాను.

మేనేజరు శ్రీరామ్మూర్తి గారితో కాగితం లేకుండా, కామా లేకుండా చెప్పేశాను. "పదిహేడుకి జవాబు పదండీ తొమ్మిది రాసింది నేనేనండీ వీళ్లంతా మా గోడ మీంచి విన్నారండీ ఆ అమ్మాయి ఒక్కర్తే వినలేదండీ."

ఆయన సొరుగులోంచి జగ్గయ్య పేపరు తీశారు. ఇరవై జవాబుల చివరా "ఫుల్‌స్టాపు" అని అక్షరాలా రాసి ఉంది.

"ఇదేదో మీ కంచరపాలెం పద్ధతి అనుకున్నానండీ" అన్నారు. తరవాత నూకాలు పేపరు తీసి చాలాసేపు చూశారు. బల్లల మీదివాళ్లని ఇంటికి వెళ్లిపొమ్మన్నారు.

సాయంత్రం 4.00. గవర్రాజు వచ్చాడు. "నీకు దగ్గుమందు చాలు బావా" అని వెళ్లిపోయాడు.

4.30. వరహాలు మాట్లాడటం లేదు. కామా కూడా పలకడం లేదు.

5.00. అట్టముక్క తీసేశాను. శపథం పదిహేడు రోజులు బతికింది. పదహారేమో. లెక్కపెట్టే ధైర్యం లేదు.

ఫిబ్రవరి 18, ఆదివారం. సాయంత్రం 5.15

అసిరమ్మ వచ్చింది. బుట్ట గుమ్మంలో దించి, చేతులు చీరకొంగుకి మూడుసార్లు తుడుచుకుని, ఒక కవరు ఇచ్చింది. కంపెనీ మనిషి పొద్దున్నే ఇచ్చి వెళ్లాడట. నూకాలు చదివి వినిపించిందట.

"మా గుంట సదివితే నమ్మబుద్ధవట్లేదు బాబూ. మీరు ఒక్కసారి సదవండి."

చదివాను. "కుమారి నూకాలు కామా మిమ్మల్ని మా సంస్థలో గుమస్తాగా నియమించుటకు సంతోషించుచున్నాము ఫుల్‌స్టాపు."

అసిరమ్మ గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. "మల్లీ సదవండి బాబూ" అంది. మళ్లీ చదివాను. మూడోసారి చదవబోయాను. వెనకనుంచి వరహాలు వచ్చి నా చేతిలో కాగితం లాక్కుని తనే చదివింది. పక్కగదుల్లో రేడియోలు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

6.40. ఆ ఉత్తరంలో మూడు తప్పులున్నాయి. చూశాను. ఎర్ర పెన్సిలు జేబులోనే ఉంది. తియ్యలేదు.

శపథం! రేపటి నుంచి నా కళ్లముందు ఒక్క తప్పు కూడా బతకదు. ఆ మూడూ తప్ప.