పొగ వరకే

నాయినా,

ఈరోజు నీ సంవత్సరీకం. నా చిన్నప్పుడే పోయావు. ఇంట్లో నీ ఫోటో ఒక్కటీ లేదు. ప్రతి ఏడూ ఖాళీ గోడ ముందే దీపం పెడుతున్నాను. ఈసారి సూర్యాపేటలో కృష్ణానది ఆవిరి లాంచీల పాత ఫోటోలు ప్రదర్శనకు పెట్టారని విని, పొద్దున్నే వంట ముగించి మిర్యాలగూడలో బస్సెక్కాను.

నువ్వు పనిచేసిన లాంచీని వాడపల్లి రేవులో తీసిన ఫోటో, అమ్మ ఎప్పుడూ చెప్పేది, అక్కడ కనిపించింది. లాంచీ మీద యజమాని, ఆయన చుట్టాలు, చుక్కాని పట్టే సరంగు, చివరికి వంటవాడు కూడా ఉన్నారు. నువ్వు లేవు. కొత్త చొక్కా తొడుక్కుని పైకి వస్తే, "ఫోటోల పొగ దండిగ కనవడాలె, నువ్వు కిందికి పో" అని యజమాని పంపేశాడని అమ్మ చెప్పేది. నువ్వు కింద బాయిలర్‌లో బొగ్గు వేస్తుంటే వాళ్లు పైన ఫోటో దిగారు.

యజమాని మనవడు పక్కనే నిలబడి అందరికీ చూపిస్తున్నాడు. "మా తాత నడిపిన లాంచీ అమ్మా. పొగ సూడుండ్రి, ఎంత మంచిగొచ్చిందో!"

"బొగ్గేసినాయన ఏడున్నడు సారూ?" అని అడిగాను.

"ఎవడో కూలోడు ఉండే ఉంటడు. గాళ్లనెవరు ఫోటో తీస్తరు?" అని నవ్వాడు.

నేను సెల్‌ఫోన్ తీసి, ఆ ఫోటోను ఫోటో తీసుకున్నాను. అతను తొంగి చూశాడు. "అయ్యో, మా తాత రాలేదమ్మా. జర ఎనక్కి జరుగుండ్రి."

"ఆయన నాకెందుకు సారూ" అన్నాను.

వచ్చేటప్పుడే ప్రింటు తీయించి ఫ్రేము కట్టించాను. నీ దీపం ఇప్పుడు ఆ పొగ ముందు వెలుగుతోంది. కొత్త చొక్కా మాత్రం కనిపించదు.