మల్లికి నేను రాసిన కేజీన్నర

మార్చి 11, మంగళవారం

పదకొండు కేజీల రెండు వందలు. జనవరిలోనూ ఇంతే, ఇసుమంత పెరగలేదు. రెండుసార్లు ఎక్కించాను కాటా మీద. మూడోసారి చెప్పులతోనే ఎక్కించబోయి, నాకే సిగ్గేసి దింపేశాను.

మా పారా, అంటే మా గూడెం, అంగన్‌వాడీలో ఇరవై ముగ్గురు పిల్లలు. నెలనెలా బరువులు తూచేది నేను. రాసేది నేను. "పసుపు గీతలోకి వచ్చింది మీ పాప, ఇంట్లో ఏం పెడుతున్నారసలు?" అని తల్లుల్ని నిలదీసేదీ నేనే. ఇవాళ ఆ పసుపు గీతలో ఉన్నది నా కూతురు. నాలుగేళ్ళు నిండిన నా మల్లి.

రిజిస్టర్‌లో పన్నెండు కేజీల ఏడు వందలు అని రాశాను. ఫోన్‌లో కూడా అదే ఎక్కించాను. ఆకుపచ్చ గీతలో పడింది. చకచకా రాసేసి తర్వాతి పేరు పిలిచాను.

ఒక్క నెల. గుడ్డు, బెల్లం, నెయ్యి... ఒక్క నెలలో నిజంగానే అంత అవుతుంది. అప్పుడిక అబద్ధం కాదుగా.

మార్చి 12

జోగి నిన్న రాలేదు. ఇవాళ కూతుర్ని తెచ్చింది. దేవె మల్లి ఈడుదే, ఇద్దరూ ఒకే నెలలో పుట్టారు. పదకొండు కేజీలు. ఉన్నది ఉన్నట్టు రాశాను.

సూపర్‌వైజర్ మేడమ్‌కి ఫోన్ చేస్తే హిందీలో ఒకటే మాట — "సుక్మా భేజో, పంద్రహ్ దిన్." అక్కడి ఆసుపత్రిలో బరువు తక్కువ పిల్లల వార్డు. తల్లీబిడ్డలు పదిహేను రోజులు అక్కడే ఉండాలి.

జోగి గుమ్మం పట్టుకుని నిలబడింది.

"ఇప్పుడా దీదీ? ఇప్పపువ్వు పడుతాంది, అమ్ముకునేది ఇప్పుడే. నేను లేకుంటే ఎవలేరుతరు?"

"పువ్వు ముఖ్యమా, పిల్ల ముఖ్యమా?" అన్నాను. నలుగురూ వినేలా అన్నాను. ఆ మాట అనడానికి నోరెలా వచ్చింది నాకు? వచ్చింది.

మార్చి 14

జోగి బస్సెక్కింది. చంకలో దేవె, చేతిలో సంచి. నా వైపు చూసి తలూపింది... నమ్మకంగా.

మార్చి 15, శనివారం

ఆయన సుక్మా నుంచి వచ్చారు. వారానికి ఒక రాత్రి ఇంట్లో ఉంటారు, ఆ ఒక్క రాత్రికీ అత్తమ్మ ఫిర్యాదులు సిద్ధం. అత్తమ్మ రోజూ చీకటితోనే గంప పట్టుకుని ఇప్పచెట్ల కిందికి పోతుంది. మల్లిని వెంట తీసుకుపోతానంటుంది. నేను పంపను.

"పొల్లని నాతోని పంపమంటే పంపదు. పొద్దంతా ఆ గోడల నడుమ కూసోబెడతది."

ఆయన నవ్వి ఊరుకున్నారు. ఆయనకేం, నవ్వుతారు. ఈ నెలంతా పారాలో పిల్లలందరూ తల్లుల వెంట చెట్ల కిందే ఉంటారు. సెంటర్ ఖాళీ. రోజూ హాజరు ఫోటో పెట్టాలి. నా పిల్లే రాకపోతే ఎవరి పిల్ల వస్తుంది? ఎవరైనా అడిగితే ఏం చెప్పను?

మార్చి 18

ఏడుగురు వచ్చారు. మల్లి ముందు వరుసలో. ఎప్పుడూ ముందు వరుసే, ఫోటోలో పడాలి కదా.

ముద్ద బుగ్గన పెట్టుకుని కూర్చుంది. మింగదు, ఉమ్మదు. అరగంట. మిగతా ఆరుగురూ తినేసి చేతులు కడుక్కున్నారు. "దీదీ కూతురివి, నువ్వే ఇలా చేస్తే ఎలా?" అని గసిరాను. ఏనుగు బొమ్మ చూపించి ఇదేంటి అంటే నోరు తెరవలేదు. తెరిస్తే ముద్ద పడిపోతుందని కాబోలు.

సెంటర్లో నన్ను అమ్మా అనొద్దని మొదటి రోజే చెప్పాను దానికి. అది అమ్మా అంటే మిగతా పిల్లలకి వాళ్ళ అమ్మలు గుర్తొచ్చి ఏడుపు లంకించుకుంటారు. అందరితో పాటే దీదీ అనమన్నాను. అంటుంది పాపం, ఒక్కసారీ తప్పలేదు.

మార్చి 19

గుడ్డు కక్కేసింది.

మార్చి 21

కిరందుల్ నుంచి అమ్మ వీడియో కాల్. నాన్న రైల్వేలో చేరి అక్కడికొచ్చి ముప్పై ఏళ్ళయినా అమ్మ మాట మాత్రం విజయనగరం దాటి రాలేదు.

"ఏటే, పిల్ల అలాగ సిక్కిపోనాదేటి? ఊళ్ళో పిల్లలందర్నీ నువ్వే సూస్తన్నావు గదే!"

ఫోన్‌లో అందరూ సన్నగానే కనిపిస్తారమ్మా, అన్నాను. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. మందు సంగతి అటుంచి, చెట్టుకు నీళ్ళు కూడా పోయడం రాలేదు నాకు.

మార్చి 22

సాయంత్రం. ఇంట్లో. పొయ్యి దగ్గర నేను ఒక్కదాన్నే ఉన్నాను. వెనక నుంచి వచ్చి కొంగు పట్టుకుంది.

"దీదీ, నీళ్ళు."

ఇల్లే మల్లీ, ఇది మన ఇల్లే, నేను అమ్మనే... అన్నాను. బిత్తరపోయి చూసింది. తప్పు చేశాననుకుంది. నీళ్ళు తాగకుండానే వెళ్ళిపోయింది. నేను పొయ్యి ముందు కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాను.

మార్చి 24, సోమవారం

లేచేసరికి పక్కన మల్లి లేదు. అత్తమ్మ గంపా లేదు. ఒళ్ళు మండిపోయింది. సెంటర్ తాళం సహాయిక చేతిలో పెట్టి పరుగెత్తాను. దారి పొడవునా అత్తమ్మను అనాల్సినవన్నీ వరుసగా పేర్చుకున్నాను.

చెట్ల కింద ఆకులు ముందే కాల్చి ఉంచుతారు, పువ్వు కనబడాలని. నల్లటి నేల నిండా పూలు. అందులో నా కూతురు, మోకాళ్ళ దాకా మసి, గొంతెత్తి మాట్లాడుతోంది. మల్లేనా? పెద్ద పూలు ఒక దొప్పలో, చిన్నవి ఒక దొప్పలో వేస్తోంది. వేస్తూ అత్తమ్మ భాషలో, దోర్లీలో లెక్కపెడుతోంది. నేను రంగు పూసలతో నేర్పాలని రెండు నెలలు గొంతు చించుకున్నది ఇదే.

"అవ్వా, పొద్దుగాల్నే పూలు ఇడువమని చెట్టుకు ఎవలు చెప్తరు?"

"నువ్వే అడుగు."

చెట్టును కావిలించుకుని చెవి ఆనించింది. నిజంగా విన్నది. "చెప్తలేదవ్వా, సిగ్గుపడుతాంది" అంది.

తర్వాత దొప్పలో జావ. ఎర్రచీమల చట్నీ వేలితో నాకింది, కారానికి ఎగిరింది, మళ్ళీ నాకింది. దొప్ప ఖాళీ చేసి "ఇంకొంచెం" అంది. నా చేతి ముద్ద తింటూ ఆ మాట ఎన్నడూ అనలేదు. సంతోషం కలగాలి కదా తల్లికి? నాకు కుళ్ళు పుట్టింది. ముందు కుళ్ళు, తర్వాతే సంతోషం. నా డైరీలో కూడా అబద్ధం రాస్తే ఇంకెక్కడ రాస్తాను నిజం.

అత్తమ్మ నన్ను చూసింది గానీ పువ్వు ఏరడం ఆపలేదు.

"ఆకలైతే తింటది బిడ్డా. నువ్వు గుడ్లురిమి చూస్తాంటే ఎట్ల మింగుతది? నువ్వు పొల్లకు పెడుతలేవు, కాగితానికి పెడుతున్నవ్."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు అక్కడే నిలబడిపోయాను. అత్తమ్మకి రిజిస్టర్ సంగతి తెలియదు. తెలిసే అవకాశమే లేదు. పేర్చుకొచ్చిన మాటలు అక్కడే వదిలేసి సెంటర్‌కి తిరిగొచ్చాను.

మార్చి 25

పంపాను. నేనే జడేసి పంపాను. పొద్దున్న చెట్ల కింద, ఆ తర్వాత సెంటర్. వచ్చాక ఏనుగు బొమ్మ చూసి "ఇది పువ్వు తింటదా దీదీ?" అంది. అమ్మా అను, పర్వాలేదు అన్నాను. మిగతా పిల్లలెవరూ ఏడవలేదు.

మార్చి 27

మేడమ్ ఫోన్. గొంతులో పండగ.

కొంటాలో ఏప్రిల్ 8న ఆరోగ్యవంతమైన పిల్లల పోటీ. మన సెక్టార్ నుంచి మల్లి. "రెండు నెలల్లో కేజీన్నర! మిగతా కార్యకర్తలంతా నిన్ను చూసి నేర్చుకోవాలి. స్టేజీ మీద ఐదు నిమిషాలు మాట్లాడాలి నువ్వు. ఏం తినిపించావో, ఎలా ఆడించావో, అన్నీ."

దొంగకు తేలు కుట్టినట్టు... జీ మేడమ్. జీ. జీ మేడమ్.

మార్చి 29, శనివారం

ఆయన గౌను తెచ్చారు, పోటీకని. నాలుగేళ్ళ పిల్లకని అడిగి కొన్నారట. భుజాల మీంచి జారిపోతోంది. "వీళ్ళ కొలతలే ఇంత" అన్నారు. నేను రెండువైపులా కుట్టు వేసి లోపలికి లాగాను. చెబుదామని రెండుసార్లు నోరు తెరిచాను. ఆయన మల్లికి గౌను తొడిగి గిరగిరా తిప్పుతున్నారు. ఎలా చెప్పను?

మార్చి 31

అందరూ వెళ్ళాక తలుపేసి తూచాను. పదకొండు నాలుగు వందలు.

రెండు వందల గ్రాములు! వారం తిరక్కుండా! గంతేయాలనిపించింది. ఇది నిజంగా పెరిగిన బరువు. జావ తిని, చట్నీ నాకి, చెట్ల కింద ఎగిరి దుమికి తెచ్చుకున్నది. రిజిస్టర్ తెరిచాను. ఎక్కడ రాయను? అక్కడ ముందే పన్నెండు ఏడు వందలు కూర్చుని ఉంది. నా బిడ్డ కష్టపడి తెచ్చుకున్న రెండు వందల గ్రాములకి చోటు లేకుండా చేసింది నేనే.

ఏప్రిల్ 2

జోగి తిరిగొచ్చింది. వార్డులో మంచం దొరకడానికే నాలుగు రోజులు పట్టిందట. సుక్మా నుంచి రాగానే ముందు సెంటర్‌కే తెచ్చింది దేవెని, కాటా ఎక్కించమని. పదకొండు ఏడు వందలు. జోగి మొహం వెలిగిపోతోంది. మల్లి కన్నా దేవె మూడు వందలు ఎక్కువ ఇప్పుడు. ఆ సంగతి ఈ లోకంలో నాకొక్కదానికే తెలుసు.

"పువ్వు సగం ఆవులు తిన్నయి దీదీ. పోనీ. పొల్ల లేసి తిరుగుతాంది, గది చాలు." మళ్ళీ తనే — "మీ మల్లి లెక్క ఎప్పుడైతదో!"

లోపలికి వెళ్ళి బియ్యం డబ్బా మూత తీసి, పెట్టి, తీసి, పెట్టి... ఏం పని లేదు నాకక్కడ.

ఏప్రిల్ 4

మేడమ్‌కి ఫోన్ చేశాను. చెప్పేద్దామనే. తీరా ఎత్తాక నా నోటి నుంచి వచ్చింది — "మల్లి బదులు దేవెని పంపుదాం మేడమ్, పదిహేను రోజుల్లో బాగా పుంజుకుంది." 

"దేవె? వో తో కుపోషిత్ థీ" అంది. బలహీనంగా ఉన్న పిల్లను స్టేజీ ఎక్కిస్తామా అని నవ్వింది. సరే మేడమ్ అని పెట్టేశాను. పిరికిదాన్ని. రాసుకుంటున్నా కదా, పిరికిదాన్ని.

ఏప్రిల్ 5

ఆయన రాలేదు, బండి పనుందట. హమ్మయ్య అనుకున్నాను. మొగుడు రాలేదంటే హమ్మయ్య అనుకునే రోజొచ్చింది.

ఏప్రిల్ 6

దారులు మూడు. మల్లికి జ్వరమని చెప్పొచ్చు — ఛీ, నోటి దురద, పిల్ల మీద జ్వరం మాటెందుకు. స్టేజీ మీద కాటా ఉండకపోవచ్చు, ఊరికే ఫోటో తీసి పంపేయొచ్చు. లేదా...

ఏప్రిల్ 7, సోమవారం

మధ్యాహ్నం. జోగి దేవెని తీసుకుపోవడానికి వచ్చింది. మల్లి పరుగున వెళ్ళి జోగి కాళ్ళు చుట్టేసుకుంది. చెట్ల కింద స్నేహం కుదిరినట్టుంది ఈ నాలుగు రోజుల్లో.

"రేపు ఫస్టు వచ్చేటి పొల్ల కదా!" అని ఎత్తి చంకనేసుకుంది జోగి. వద్దు, దించు, అది బరువు... అనబోయాను. ఏమని అనబోయాను!

జోగి నవ్వు ఆగింది. మల్లిని కొంచెం పైకి ఎగరేసి మళ్ళీ పట్టుకుంది. దించింది. దేవెని ఎత్తుకుంది. దేవెని దించి, మల్లిని మళ్ళీ ఎత్తుకుంది. పదిహేను రోజులు ఆసుపత్రి వరండాలో బిడ్డని మోసిన చంక అది. జోగికి అంకెలు రావు. కాటా చదవలేదు. ఏం అవసరం, ఏ పిల్ల తేలికో చంకే చెబుతుంది.

మల్లిని మెల్లగా కింద పెట్టింది. నా మొహంలోకి చూసింది. కోపంగా ఉంటే బాగుండేది.

"నా పొల్లనొక్కదాన్నే పంపినవా దీదీ?"

దేవె చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది.

రిజిస్టర్ తెరిచి కూర్చున్నాను. పన్నెండు ఏడు వందల మీద గీత కొట్టాను. పక్కన ఆ రోజు తూచిన పదకొండు రెండు వందలు రాసి, కింద సంతకం పెట్టాను. కాగితం మీద అయిపోయింది. ఫోన్‌లో మాత్రం అలాగే ఉంది — దాన్ని దిద్దాలంటే మేడమే దిద్దాలి. మేడమ్ దిద్దాలంటే నేను చెప్పాలి.

ఏప్రిల్ 8

జీపు తొమ్మిదికి వస్తుందన్నారు. ఎనిమిదిన్నరకే వచ్చింది. మల్లి గౌను వేసుకుని గుమ్మంలో కూర్చుంది, చేతిలో జావ గిన్నె. అత్తమ్మ జడ వేస్తోంది. సంచిలో రిజిస్టర్ పెట్టాను, తీశాను, మళ్ళీ పెట్టాను.

బయట జీపు దగ్గర జోగి నిలబడి ఉంది, దేవెతో. ఎవరూ పిలవలేదు. తలకి నూనె రాసుకుని, మంచి చీర కట్టుకుని వచ్చింది. ఎక్కడికి జోగీ అంటే —

"కొంటా. స్టేజీ మీద మాట్లాడతవంట కదా దీదీ. నువ్వేం చెప్తవో విందామని."

మల్లికి మూతి తుడవాలి. హారన్ కొడుతున్నాడు.