బీట్‌రూట్ మీదికి నెట్టిన ఎరుపు

ప్రియమైన నాన్నా,

ఇకనుంచి నీకు మాంసం ప్యాకెట్లు పంపను. లేబుల్ వంకరగా పడ్డవి మా ఫ్యాక్టరీలో పనివాళ్ళకి ఊరికే ఇస్తారు. మూడేళ్ళుగా వాటిని నీకు సర్ది పంపింది నేనే. ఉప్పూ మందులూ పట్టించి నిల్వచేసిన ఆ మాంసం రోజూ తింటే పేగు క్యాన్సర్ ముప్పు పెరుగుతుందట. లైబ్రరీలో చదివాను, ఒకటి కాదు, నాలుగు పుస్తకాలు. సూపర్‌వైజర్‌ని నిలదీస్తే, "తినమని నిన్నెవరు బతిమాలారు?" అన్నాడు. ప్యాకెట్ వాడి మొహాన కొట్టాలనిపించింది.

తాత పోయింది ఆ జబ్బుతోనే. నీకు నేను గుర్తుచేయాలా?

రేపటినుంచి పప్పులు, చిక్కుళ్ళు, ఆకుకూరలు, పొట్టు తీయని గింజలు తిను. పేగుకి పీచు కావాలి. బీట్‌రూట్ కూడా తిను. మర్నాడు దొడ్డికి ఎర్రగా వస్తే హడలిపోకు, అది దాని రంగే.

కోపంతోనూ ప్రేమతోనూ,
నీ మొండిది

నా మొండితల్లికి,

పుస్తకాలు కుట్టేది నేను, చదివేది నువ్వు. కాబట్టి నీ మాటే విన్నాను. బైండింగ్ షాపులో అందరూ నన్ను మేక అంటున్నారు. నువ్వన్నట్టే ఎర్రగా వస్తోంది. హడలిపోలేదులే. బెల్టుకి కొత్తగా రెండు బెజ్జాలు పొడిచాను, అదంతా నీ చిక్కుళ్ళ మహిమే.

నాన్న

నాన్నా,

బెల్టు మాట నాకు నచ్చలేదు. చిక్కుళ్ళకి అంత మహిమ లేదు. మా ఫ్యాక్టరీ నర్సుని అడిగాను. బీట్‌రూట్ మానేస్తే రెండు మూడు రోజుల్లో ఎరుపు పోవాలట. పోకపోతే అది రక్తమేమో చూపించుకోవాలట. కూరలు ముప్పు తగ్గిస్తాయట గానీ, వచ్చిన జబ్బుని కడిగేయవట. "మీ తాతకి ఉందంటే మీ నాన్నకి ఎప్పుడో పరీక్ష చేయించాల్సింది" అని నన్నే తిట్టింది.

బీట్‌రూట్ ఆపు. నాలుగు రోజులు చూసి నిజం రాయి.

నీ కూతురు

నాన్నా,

పన్నెండు రోజులైంది. ఉత్తరం లేదు. హడలిపోకు అని రాసిన నా చెయ్యి విరగ్గొట్టుకోవాలనుంది. వచ్చే శనివారం షిఫ్టు ఎగ్గొట్టి వస్తున్నాను. తలుపు తియ్యకపోతే పగలగొడతాను.

నేను

కన్నతల్లీ,

చెయ్యి జాగ్రత్త. నేను బీట్‌రూట్ ఒక్క ముక్క కూడా తినలేదు. ఆ మట్టివాసన నాకు పడదు. నీ మొదటి ఉత్తరానికి రెండు నెలల ముందునుంచే ఎరుపు కనిపిస్తోంది. మా నాన్న మంచం గుర్తొచ్చి ఎవరికీ చెప్పలేకపోయాను. ఇంతలో నీ ఉత్తరం వచ్చింది. ఆ ఎరుపుని దుంప మీదికి నెట్టేస్తే నువ్వు నమ్ముతావు, నేనూ నమ్మేద్దామనుకున్నాను. తప్పు నాది, నీది కాదు.

నర్సు మాట చదివాక ఆసుపత్రికి వెళ్ళాను. పేగులోకి కెమెరా పంపి చూశారు. గడ్డ ఉంది. ముక్క తీసి పరీక్షకి పంపారు. గురువారం చెబుతారు. శనివారం దాకా ఆగకు. ఆ ఆసుపత్రి బల్లమీద ఒక్కడినే కూర్చోలేను. డాక్టరుని ఏమడగాలో నాకు తెలీదు, నువ్వు నిలదియ్యి.

చిక్కుళ్ళు మాత్రం నిజంగానే తిన్నాను, ఒట్టు.

హడలిపోయిన,
మీ నాన్న