ఒక్క గీతే పడింది

చెల్లీ,

ఇక్కడ నేనూ మీ బావా బాగానే ఉన్నాం. నువ్వెలా ఉన్నావని అడగడానికి నోరు రావడం లేదు, అయినా అడుగుతున్నాను. వేళకింత తింటున్నావా?

పాప బడికి వెళ్తోందని రాశావు, సంతోషం. వాళ్ళ నాన్న చెప్పులు తియ్యనివ్వడం లేదన్నావు. ఉండనీ, గుమ్మం దగ్గర ఎవరికి అడ్డం? నేనొస్తే చాలు, మరిది "దోమల వదినొచ్చింది, తలుపులెయ్యండి" అనేవాడు. తలచుకుంటే నవ్వొస్తుంది, ఆ వెంటనే ఏడుపొస్తుంది.

అసలు మా ల్యాబులో ఏం చేస్తారని అడిగావు. మలేరియా క్రిమిని రక్తంలో పెంచి, అది వదిలే ఒక ప్రోటీన్‌ని వేరుచేసి శుభ్రం చేస్తాం. దాన్ని పసిగట్టే పదార్థం తయారుచేసి పట్టీ మీద పూస్తాం. దానిమీద రక్తపు చుక్క వేస్తే ఒక గీత ఎప్పుడూ పడుతుంది. రోగి రక్తంలో ఆ ప్రోటీన్ ఉంటే రెండోది పడుతుంది. మీ ఇంట్లో నేనిచ్చిన పెట్టెలోవి ఆ పట్టీలే.

ఇక మూడు ఉత్తరాల నుంచీ నువ్వడుగుతున్న సంగతి. "అక్కా, రక్తం తక్కువ వేశానా? పావుగంట ఆగకుండా చూసేశానా? ఒక్క గీతే కదా అని ఆయన్ని మూడు రోజులు ఇంట్లోనే ఉంచేశాను." నేను మాట దాటేస్తూ వచ్చాను.

నువ్వు సరిగ్గానే చేశావు. ఆస్పత్రిలో తీసిన మరిది రక్తం తెప్పించి పది పట్టీల మీద నేనే వేసి చూశాను. పదింటా ఒక్క గీతే. మైక్రోస్కోపులో చూస్తే క్రిములు కుప్పలు తెప్పలు. ఆ రకం క్రిమి మేం వెతికే ప్రోటీన్‌ని తయారే చెయ్యదు.

అది నాకు ముందే తెలిసుండాలి. కాదు, దాచడమెందుకు, అనుమానం తగిలింది. మరిదికి జ్వరం రావడానికి రెండు నెలల ముందు అలాంటి రక్తమే రెండు సీసాలొచ్చింది. క్రిములున్నాయి, రెండో గీత లేదు. పట్టీలు బయటికి పంపాల్సిన గడువు నెత్తిమీదుంది. "సీసాల మీద చీటీలు తారుమారయ్యాయి" అని రాసి సంతకం పెట్టేశాను. మళ్ళీ పరీక్షించడానికి ఒక పూట పట్టేది, అంతే. నువ్వు ఫోన్ చేసి ఒక్క గీతే అన్నప్పుడు ఆ సీసాలు గుర్తొచ్చాయి. అయినా "మలేరియా కాదులే, కంగారుపడకు" అన్నాను. నా పని మీద నాకంత పొగరు.

నిన్న ఇదంతా కాగితం మీద పెట్టి మా పెద్దసారు చేతికిచ్చాను. చదివి, "మీ మరిదేనామ్మా?" అన్నారు. "అవునండీ" అన్నాను. పెట్టెలన్నీ వెనక్కి రప్పిస్తున్నారు. నా ఉద్యోగం సంగతి తర్వాత తేలుస్తారట.

నిన్ను నువ్వు తిట్టుకోవడం మానెయ్యి తల్లీ. నన్ను క్షమించమని అడగను. పాప పెద్దదై నాన్న ఎలా పోయాడని అడిగితే, పెద్దమ్మ పెట్టిన ఒక సంతకం వల్ల అని దాచకుండా చెప్పు.

ఇట్లు,
ఇంకా అలా పిలవాలనిపిస్తే,
నీ అక్క